గచా ఆటల్లో సీజనల్ పాత్రల మూల్యాంకనం

మొబైల్ గచా ఆటల్లో ఒక పండుగకో రుతువుకో ముడిపెట్టి, కొద్ది రోజులపాటు మాత్రమే అందుబాటులో ఉంచే పాత్రలను సీజనల్ పాత్రలు అంటారు. అలాంటి పాత్ర విడుదలైనప్పుడు దాని బలాబలాలు, దాన్ని పొందడానికి అయ్యే ఖర్చు, ఆటగాడి దగ్గర ఇప్పటికే ఉన్న జట్టు అవసరాలు బేరీజు వేసి, తీసుకోవాలో వదిలేయాలో తేల్చే ప్రక్రియే సీజనల్ పాత్రల మూల్యాంకనం. పాత్ర గడువు తీరితే మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి ఈ నిర్ణయాన్ని తక్కువ సమయంలో, చాలాసార్లు అసంపూర్ణ సమాచారంతో తీసుకోవాల్సి వస్తుంది. ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా జపాన్ ఆటలైన ఫైర్ ఎంబ్లెం హీరోస్, ఫేట్/గ్రాండ్ ఆర్డర్, గ్రాన్‌బ్లూ ఫాంటసీల నుంచి, దక్షిణ కొరియాలో తయారైన బ్లూ ఆర్కైవ్ నుంచి తీసుకున్నవి.

నిర్వచనం, పరిభాష

గచా అంటే ఆటలోని కరెన్సీ చెల్లించి యాదృచ్ఛికంగా ఒక పాత్రనో వస్తువునో పొందే విధానం. ఒక్కో ప్రయత్నాన్ని ఆటగాళ్లు పుల్ అంటారు. కొన్ని పాత్రలు వచ్చే అవకాశాన్ని పెంచి, నిర్ణీత రోజుల పాటు నడిపే గచాను బ్యానర్ అంటారు. వరుసగా నిరాశ ఎదురైనకొద్దీ అరుదైన పాత్ర వచ్చే అవకాశాన్ని పెంచే ఏర్పాటు పిటీ. నిర్ణీత సంఖ్యలో పుల్స్ చేశాక కోరుకున్న పాత్రను నేరుగా ఎంచుకోనిచ్చే ఏర్పాటు స్పార్క్.

సీజనల్ పాత్రల్లో అత్యధికం పాతవారి కొత్త రూపాలే. అప్పటికే ఆటలో ఉన్న యోధురాలు వేసవిలో ఈత దుస్తుల్లోనో, కొత్త సంవత్సరంలో కిమోనోలోనో తిరిగి వస్తుంది. మారేది వేషం ఒక్కటే కాదు. ఆయుధం, రంగు, నైపుణ్యాలు కూడా మారతాయి కాబట్టి ఆట లెక్కల్లో ఆమె పూర్తిగా వేరే పాత్ర. పాత రూపం బలంగా ఉందని కొత్త రూపం బలంగా ఉండాలని లేదు. పాతది బలహీనమైతే కొత్తదీ బలహీనమవ్వాలనీ లేదు. మూల్యాంకనం మొదలయ్యేది ఈ తేడా గుర్తించడంతోనే.

చరిత్ర

నాణెం వేసి పిడి తిప్పితే బొమ్మ ఉన్న డబ్బా పడే యంత్రాలు 1965లో అమెరికా నుంచి జపాన్‌కు చేరాయి. బందాయ్ సంస్థ 1977లో ఈ రంగంలోకి వచ్చాక అవి బాగా వ్యాపించాయి. మొబైల్ ఆటల్లోని గచాకు పేరు, పద్ధతి రెండూ ఈ యంత్రాల నుంచే వచ్చాయి. 2010 తర్వాత జపాన్ ఫోన్లలో కార్డు ఆటలు విస్తరించడంతో గచా ప్రధాన ఆదాయ మార్గంగా మారింది. నిర్ణీత కార్డులన్నీ కూడబెడితేనే ఒక అరుదైన బహుమతి ఇచ్చే కంప్లీట్ గచా పద్ధతి చట్టవిరుద్ధమని 2012లో జపాన్ వినియోగదారుల వ్యవహారాల సంస్థ ప్రకటించింది. దాంతో ఆ పద్ధతి కనుమరుగైంది.

సైగేమ్స్ సంస్థ 2014 మార్చిలో విడుదల చేసిన గ్రాన్‌బ్లూ ఫాంటసీ ఏటా ఆ సంవత్సరపు రాశిచక్ర జంతువును సూచించే పాత్రను కొత్త సంవత్సరం సందర్భంగా విడుదల చేసే ఆనవాయితీ పెట్టుకుంది. 2016 కోతి సంవత్సరం కావడంతో ఆండిరా అనే పాత్ర వచ్చింది. ఆమె కోసం ఒక ఆటగాడు ప్రత్యక్ష ప్రసారంలో 2,276 పుల్స్ చేసిన ఉదంతం వార్తల్లోకెక్కింది. ప్రకటించిన అవకాశాలపై విమర్శలు చెలరేగాయి. అదే ఏడాది మార్చిలో సంస్థ 300 పుల్స్ తర్వాత కోరిన పాత్రను ఇచ్చే ఏర్పాటు తెచ్చింది. సీజనల్ పాత్ర ఖర్చుకు గరిష్ఠ పరిమితి ఉండాలన్న ఆలోచన ఈ రంగంలో బలపడటానికి ఈ ఘటన ముఖ్య కారణం.

ఫేట్/గ్రాండ్ ఆర్డర్ జపాన్‌లో 2015 జులై 30న విడుదలైంది. 2016 ఆగస్టులో జరిగిన తొలి వేసవి ఈవెంట్‌తో అందులో వేసవి పాత్రల సంప్రదాయం మొదలైంది. నింటెండో, ఇంటెలిజెంట్ సిస్టమ్స్ కలిసి రూపొందించిన ఫైర్ ఎంబ్లెం హీరోస్ 2017 ఫిబ్రవరి 2న వచ్చింది. రెండు నెలలు తిరగకుండానే, మార్చి చివర్లో, వసంతోత్సవం పేరిట క్రోమ్, లూసీనా, జాండర్, కమిలా కుందేలు చెవులతో కనిపించారు. ఆ తర్వాత ఈ ఆటలో కొత్త సంవత్సరం, వాలెంటైన్స్ డే, వసంతం, పెళ్లిళ్ల కాలం, వేసవి, హాలోవీన్, శీతాకాలం అనే వార్షిక చక్రం స్థిరపడింది.

సీజనల్ పాత్రల రకాలు

మూల్యాంకనానికి పనికొచ్చే విధంగా వీటిని మూడు రకాలుగా విభజించవచ్చు. మొదటిది, గచాలో మాత్రమే దొరికే పరిమితకాల పాత్రలు. అసలు చర్చంతా వీటి గురించే. రెండోది, ఈవెంట్‌లో పాల్గొంటే ఉచితంగా దొరికే పాత్రలు. ఫేట్/గ్రాండ్ ఆర్డర్ 2016 వేసవిలో అసాసిన్ తరగతి స్కాథాక్‌ను ఇలాగే ఇచ్చారు. ఉచిత పాత్ర విషయంలో తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే ఉండదు. ఆమెను పూర్తిగా పెంచడానికి కావలసిన ప్రత్యేక వస్తువులు ఆ ఈవెంట్‌లోనే దొరుకుతాయి కాబట్టి గడువులోగా అవన్నీ సంపాదించడం ముఖ్యం. మూడోది, మునుపటి ఏళ్లలో వచ్చి మళ్లీ బ్యానర్‌లో కనిపించే పునఃప్రవేశ పాత్రలు. వీటి బలం ఎంతో అప్పటికే అనుభవంలో తేలి ఉంటుంది. కాలం గడిచేసరికి అది ఎంతమేరకు నిలిచిందో చూడటమే వీటి మూల్యాంకనం.

మూల్యాంకన అంశాలు

గణాంకాలు. ప్రతి పాత్రకూ ప్రాణశక్తి, దాడి, వేగం, రక్షణ వంటి అంకెలుంటాయి. వీటి మొత్తం కన్నా అవి ఎక్కడ కేంద్రీకృతమయ్యాయన్నది ముఖ్యం. ఫైర్ ఎంబ్లెం హీరోస్‌లో దాడి నుంచి ప్రత్యర్థి రక్షణను తీసేస్తే వచ్చేదే దెబ్బ. ప్రత్యర్థి కన్నా వేగం 5 లేదా అంతకు మించి ఎక్కువుంటే పాత్ర రెండుసార్లు కొడుతుంది. దాడి 55 ఉన్న పాత్ర రక్షణ 35 ఉన్న ప్రత్యర్థిని ఒకసారి కొడితే 20 దెబ్బ తగులుతుంది. వేగంలో తేడా 4 అయితే అంతటితో సరి. అదే తేడా 5 అయితే మొత్తం 40. ఒక్క అంకె వేగం ఫలితాన్ని రెట్టింపు చేస్తుంది కాబట్టి, మొత్తం గణాంకాలు సమానంగా ఉన్న ఇద్దరిలో ఒకరు అగ్రశ్రేణిలోనూ మరొకరు అట్టడుగునా నిలవడం సాధ్యమే.

నైపుణ్యాలు. కొత్త పాత్ర బలం తరచుగా ఆమెకే సొంతమైన నైపుణ్యాల్లో ఉంటుంది. ఇక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న, ఆ నైపుణ్యం ఏ షరతు మీద పనిచేస్తుంది అని. యుద్ధం మొదలు కాగానే పనిచేసే నైపుణ్యం, ప్రాణశక్తి సగానికి తగ్గితేనే పనిచేసే నైపుణ్యం కాగితం మీద ఒకే అంకె చూపినా ఆచరణలో సమానం కావు. ఫైర్ ఎంబ్లెం హీరోస్‌లో ఒక పాత్రను వదులుకుని ఆమె నైపుణ్యాలను మరొకరికి బదిలీ చేయవచ్చు. ఈ సౌకర్యం 2017 మార్చిలో వచ్చింది. అందువల్ల ఈ ఆటలో పాత్రకు రెండు విలువలు ఉంటాయి: పోరాడే పాత్రగా ఒకటి, నైపుణ్యాల మూలంగా ఇంకొకటి. సొంతానికే పరిమితమైన నైపుణ్యాలు బదిలీ కావు.

జట్టులో పాత్ర. దాడి చేసేవారు, దెబ్బ కాచుకునేవారు, తోటివారికి బలం పెంచేవారు, వైద్యం చేసేవారు అనే విభజన దాదాపు అన్ని గచా ఆటల్లో ఉంది. వీరిలో బలం పెంచే సహాయక పాత్రల విలువ ఎక్కువ కాలం నిలుస్తుందని అనుభవజ్ఞులు భావిస్తారు. దాడి పాత్ర ఒకరిని మించి మరొకరు వస్తుంటారు. మంచి సహాయక పాత్ర మాత్రం కొత్తగా వచ్చిన దాడి పాత్రలతోనూ కలిసి పనిచేస్తుంది.

ఆట విభాగాలు. ఒకే ఆటలో రోజువారీ వనరుల సేకరణ, కఠినమైన కథాయుద్ధాలు, ఆటగాళ్ల మధ్య పోటీలు వేర్వేరుగా ఉంటాయి. ఫేట్/గ్రాండ్ ఆర్డర్‌లో వనరుల సేకరణకు మూడు దశల శత్రువులను మూడు టర్నుల్లో ముగించడం ప్రమాణం. అక్కడ శత్రువులందరినీ ఒకేసారి తాకే దాడి, దాన్ని త్వరగా సిద్ధం చేసే శక్తి ముఖ్యం. బలమైన ఒకే శత్రువుతో సుదీర్ఘ యుద్ధంలో ప్రాణాలు నిలబెట్టే నైపుణ్యాలు ముఖ్యమవుతాయి. బ్లూ ఆర్కైవ్‌లో శత్రువు కవచ రకానికి తగిన దాడి రకం ఉంటే దెబ్బ పెరుగుతుంది; తగనిదైతే తగ్గుతుంది. ఏ విభాగం కోసమో చెప్పకుండా ఒక పాత్రను బలమైనదనో బలహీనమైనదనో అనడం అసంపూర్ణమైన మాట.

నకళ్ల ప్రభావం. అదే పాత్ర మళ్లీ వస్తే దాన్ని మొదటి పాత్రలో కలిపి బలం పెంచవచ్చు. ఫైర్ ఎంబ్లెం హీరోస్‌లో గరిష్ఠ స్థాయికి మొత్తం 11 నకళ్లు కావాలి. ఫేట్/గ్రాండ్ ఆర్డర్‌లో శత్రువులందరినీ తాకే బస్టర్ రకం నోబుల్ ఫాంటజం (పాత్ర ప్రత్యేక దాడి) దెబ్బ మామూలుగా మొదటి నకలుతో 300 శాతం, తర్వాతి వాటితో వరుసగా 400, 450, 475, 500 శాతం. రెండో నకలు తెచ్చే పెరుగుదల 100 శాతం. ఐదోది తెచ్చేది 25 మాత్రమే. ఒక్క నకలుతోనే పనికొచ్చే పాత్ర, ఎన్నో నకళ్లు ఉంటేనే రాణించే పాత్ర అన్న తేడా డబ్బు పెట్టని ఆటగాళ్లకు నిర్ణయాత్మకం (చూ. ఖర్చు, సంభావ్యత).

ఖర్చు, సంభావ్యత

ఒక్కో పుల్‌లో కోరిన పాత్ర వచ్చే అవకాశం తెలిస్తే, ఎన్ని పుల్స్‌కు ఎంత ఆశ పెట్టుకోవచ్చో లెక్కించవచ్చు. రాకపోయే అవకాశాన్ని పుల్స్ సంఖ్య మేరకు గుణించుకుంటూ పోయి, వచ్చిన ఫలితాన్ని ఒకటి నుంచి తీసేయాలి. బ్లూ ఆర్కైవ్‌లో మామూలు బ్యానర్‌లో ముఖ్య పాత్ర అవకాశం 0.7 శాతం. 100 పుల్స్ చేసినవారిలో దాదాపు సగం మందికే ఆ పాత్ర దొరుకుతుంది. 200 పుల్స్‌కు అది సుమారు 75 శాతానికి చేరుతుంది. మిగిలిన పాతిక శాతం మంది 200 పుల్స్ దగ్గర ఉన్న స్పార్క్ ద్వారానే పొందాలి. ఈ స్పార్క్‌ను కలిపి లెక్కిస్తే మొదటి నకలుకు సగటు ఖర్చు సుమారు 108 పుల్స్. సగటును మాత్రమే చూసి 108 పుల్స్ కూడబెట్టి దిగే ఆటగాడు ఖాళీ చేతులతో మిగిలే అవకాశం గణనీయంగా ఉంది. గడువు దాటితే దొరకని పాత్ర విషయంలో సగటు కన్నా గరిష్ఠ ఖర్చును లెక్కలోకి తీసుకోవడమే క్షేమం.

ఫేట్/గ్రాండ్ ఆర్డర్‌లో ఐదు నక్షత్రాల పాత్రల మొత్తం అవకాశం 1 శాతం. 2022లో 330 పుల్స్‌కు హామీ వచ్చేదాకా ఆ ఆటలో గరిష్ఠ పరిమితే లేదు. ముఖ్య పాత్రకు 0.8 శాతం అవకాశం ఉన్న బ్యానర్‌లో ప్రతి 100 మందిలో సుమారు ఏడుగురు ఆ హామీ దాకా వెళ్లాల్సి వస్తుంది.

ఫైర్ ఎంబ్లెం హీరోస్‌లో లెక్క మరోలా ఉంటుంది. ఒకసారి ఐదు రాళ్లు కనిపిస్తాయి. వాటి రంగును బట్టి లోపల ఉన్న పాత్ర ఎరుపా, నీలమా, ఆకుపచ్చా, రంగులేనిదా అని ముందే తెలుస్తుంది. మొదటి రాయి తెరవడానికి 5 ఆర్బ్‌లు (ఆ ఆటలోని కరెన్సీ), తర్వాతి మూడింటికి నాలుగేసి, చివరిదానికి 3, మొత్తం 20 ఆర్బ్‌లు. కావలసిన రంగు రాళ్లను మాత్రమే తెరిస్తే ఖర్చు తగ్గుతుంది. 2017 వసంత బ్యానర్‌లో నీలం రంగులో లూసీనా, జాండర్, ఆకుపచ్చలో కమిలా, క్రోమ్ ఉన్నారు. కమిలాను కోరినవారికి ఆకుపచ్చ రాయిలో క్రోమ్ ఎదురయ్యే అవకాశమూ ఉండేది. అందుకే ఈ ఆటలో పాత్రతోపాటు ఆమె రంగును పంచుకునే తోటి పాత్రల విలువనూ అంచనా వేస్తారు.

మూల్యాంకన పద్ధతులు

టైర్ లిస్టు అన్నిటికన్నా ప్రచారంలో ఉన్న పద్ధతి. పాత్రలను ఎస్, ఏ, బీ వంటి శ్రేణుల్లో పెట్టే ఈ జాబితా ఒక్క చూపులో అర్థమవుతుంది. అయితే ఏ విభాగాన్ని, ఎంత పెట్టుబడిని దృష్టిలో పెట్టుకున్నదో చెప్పని జాబితా నమ్మదగినది కాదు.

రెండో పద్ధతి గణిత నమూనా. దెబ్బల సూత్రం తెలిసిన ఆటల్లో స్ప్రెడ్‌షీట్‌తోనో కాలిక్యులేటర్‌తోనో కొత్త పాత్రను ప్రామాణిక ప్రత్యర్థులందరితో పోరాడించి, ఎంతమందిని ఒక్క యుద్ధంలో ఓడించగలదో లెక్కిస్తారు. నిష్పాక్షికత దీని బలం. జట్టు సహకారాన్ని, యుద్ధభూమి ఆకారాన్ని పట్టించుకోకపోవడం దీని లోపం.

మూడోది ప్రత్యక్ష పరీక్ష. విడుదల రోజునే పాత్రను పొందినవారు కఠిన దశల్లో ఆమెను నడిపి వీడియోలు పెడతారు. వీరిలో చాలామంది దగ్గర బాగా పెంచిన ఖాతాలు ఉంటాయి కాబట్టి, మామూలు ఆటగాడి చేతిలో అదే పాత్ర అంతగా మెరవకపోవచ్చు.

నాలుగోది ముందున్న సర్వర్‌ను గమనించడం. ఫేట్/గ్రాండ్ ఆర్డర్ ఆంగ్ల సర్వర్ 2017 జూన్‌లో మొదలైంది. అక్కడి ఈవెంట్లు జపాన్ కన్నా సుమారు రెండేళ్లు వెనుక నడుస్తాయి. బ్లూ ఆర్కైవ్ అంతర్జాతీయ సర్వర్‌కు ఈ ఎడం దాదాపు ఆరు నెలలు. వెనుక నడిచే సర్వర్‌లోని ఆటగాడికి రాబోయే సీజనల్ పాత్రల జాబితా, వాటి అసలు బలం ముందే తెలుస్తాయి కాబట్టి కరెన్సీ పొదుపును ప్రణాళిక ప్రకారం చేసుకోవచ్చు. ఫైర్ ఎంబ్లెం హీరోస్‌లాగా ప్రపంచమంతటా ఒకేసారి నడిచే ఆటల్లో ఈ వెసులుబాటు లేదు.

ఉదాహరణ: వసంత కమిలా

ఫైర్ ఎంబ్లెం ఫేట్స్ నుంచి వచ్చిన కమిలా తొలి రూపంలో గొడ్డలి పట్టి ఎగిరే యోధురాలు. 2017 వసంత రూపంలో ఆమె ఆయుధం ఆకుపచ్చ మంత్రశక్తి. ఎగిరే మాంత్రికురాలు ఆ ఆటలో రావడం అదే మొదటిసారి.

అంశాలవారీగా చూస్తే, ఎగిరే పాత్ర కావడంతో కొండలు, నీళ్లు, చెట్లు ఆమెకు అడ్డు కావు. మంత్రం కావడంతో రెండు గడుల దూరం నుంచి కొట్టగలదు. శత్రువు రక్షణకు బదులు మంత్ర నిరోధాన్ని ఎదుర్కొంటుంది. కవచధారుల్లో చాలామందికి రక్షణ ఎక్కువ, నిరోధం తక్కువ కాబట్టి వారిపై ఇది ప్రయోజనకరం. ఆయుధ త్రికోణంలో ఆకుపచ్చకు నీలం మీద పైచేయి, ఎరుపు ముందు లోపం. ఎగిరే పాత్ర కావడం వల్ల విల్లుకారుల ముందు ప్రమాదం. వారి బాణాల దాడి శక్తి ఆమెపై ఒకటిన్నర రెట్లవుతుంది. ఎగిరే పాత్రలకే వర్తించే సహాయక నైపుణ్యాలున్న జట్టులో ఆమె విలువ ఎక్కువ. మిశ్రమ జట్టులో అంత ఉండదు.

కొత్త రకం సమ్మేళనం తొలి పాత్ర కావడమే ఆమె విడుదలనాటి ప్రధాన ఆకర్షణ. ఎగిరే మాంత్రికులు తర్వాత ఎందరో రావడంతో ఆ ప్రత్యేకత పోయింది. పాత్ర గణాంకాల వల్ల వచ్చిన విలువను, అప్పటికి పోటీ లేకపోవడం వల్ల వచ్చిన విలువను విడివిడిగా చూడాలని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

కాలంతో మారే విలువ

కొత్త పాత్రలు పాతవాటిని క్రమంగా మించిపోవడాన్ని పవర్ క్రీప్ అంటారు. కొత్త బ్యానర్లు అమ్ముడవాలంటే కొత్త పాత్రల్లో ఆకర్షణ ఉండాలి కాబట్టి, సుదీర్ఘకాలం నడిచే గచా ఆటల్లో దీన్ని పూర్తిగా నివారించడం కష్టం. శాశ్వత జాబితాలోని పాత్ర వెనుకబడితే ఆటగాడికి పెద్ద నష్టం లేదు. ఆమె ఎప్పుడైనా దొరకవచ్చు. సీజనల్ పాత్ర కోసం కూడబెట్టినదంతా ఖర్చు చేశాక ఏడాదిలోనే ఆమె వెనుకబడితే ఆ ఖర్చు తిరిగి రాదు.

విలువ పెరిగే సందర్భాలూ ఉన్నాయి. నిర్మాతలు పాత పాత్రల నైపుణ్యాలను, ఆయుధాలను నవీకరించవచ్చు. కొత్తగా వచ్చిన సహాయక పాత్ర పాత సీజనల్ పాత్రను మళ్లీ పనికొచ్చేలా చేయవచ్చు. అందుకే విడుదల నాటి తీర్పును తాత్కాలికమని భావించి, ప్రతి పునఃప్రవేశంలోనూ మళ్లీ అంచనా వేయడం ఆనవాయితీ.

పరిమితులు, వివాదాలు

మూల్యాంకనం బలాన్ని కొలుస్తుంది, ఇష్టాన్ని కొలవదు. చాలామంది ఆటగాళ్లు పాత్ర కథ, చిత్రం, గొంతు నచ్చి పుల్స్ చేస్తారు. వారికి టైర్ లిస్టులోని స్థానం ద్వితీయాంశం. బలాన్నే ప్రమాణంగా పెట్టే పద్ధతి ఆటలో వైవిధ్యాన్ని తగ్గిస్తుందని ఒక వాదన. పరిమిత వనరులున్న ఆటగాడికి అదే రక్ష అని మరో వాదన. రెండూ నిజమే. ఏది వర్తిస్తుందన్నది ఆటగాడు దేనికోసం ఆడుతున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

గడువు ముగిసేలోగా తీసుకోకపోతే పోతుందన్న ఆందోళన తీర్పును ప్రభావితం చేస్తుందన్నది మరింత తీవ్రమైన విమర్శ. ఇప్పటికే చేసిన పుల్స్ వృథా కాకూడదని ఇంకా ఖర్చు పెట్టడం మరో సాధారణ పొరపాటు. స్పార్క్ గానీ పిటీ గానీ లేని చోట గత పుల్స్ భవిష్యత్తు అవకాశాన్ని ఏమాత్రం మార్చవు. ఫైర్ ఎంబ్లెం హీరోస్‌లో లాగా పిటీ ఉన్న ఆటల్లో అవి కొంత మేర మారుస్తాయి. అయితే ఐదు నక్షత్రాల పాత్ర ఒక్కటి రాగానే, అది కోరుకోనిదైనా, పెరిగిన అవకాశం తగ్గిపోతుంది.

నియంత్రణ

కచ్చితమైన అవకాశాలు తెలియకుండా ఖర్చును అంచనా వేయడం సాధ్యం కాదు కాబట్టి, వాటి ప్రకటనను తప్పనిసరి చేసే నియమాలు మూల్యాంకనానికి పునాది. చైనా 2017 మే నుంచి ఈ అవకాశాల వెల్లడిని తప్పనిసరి చేసింది. అదే ఏడాది డిసెంబరులో ఆపిల్ తన యాప్ స్టోర్ నియమాల్లో ఈ నిబంధనను చేర్చింది. దక్షిణ కొరియాలో 2024 మార్చి 22 నుంచి ఇది చట్టబద్ధమైన బాధ్యత. బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో డబ్బుతో కొనే యాదృచ్ఛిక బహుమతులను జూదంగా పరిగణించింది. ఆ దేశంలో నింటెండో 2019 ఆగస్టులో ఫైర్ ఎంబ్లెం హీరోస్ సేవలను నిలిపివేసింది.

ప్రాముఖ్యం

సీజనల్ పాత్రల మూల్యాంకనం ఆటగాళ్లు స్వచ్ఛందంగా పెంచుకున్న విజ్ఞానం. దెబ్బల సూత్రాలను పరీక్షలతో రాబట్టడం, సంభావ్యతను లెక్కించడం, ఏడాది పొడవునా పొదుపు ప్రణాళిక వేయడం ఇందులో భాగాలు. కళాశాల గణితంలో నేర్చిన సంభావ్యత సూత్రాలకు ఇక్కడ నేరుగా ఉపయోగం ఉంది. నిర్మాతల వైపు నుంచి చూస్తే, విడుదలైన కొద్ది గంటల్లోనే ఆటగాళ్లు ఇచ్చే తీర్పు బ్యానర్ ఆదరణను ప్రభావితం చేస్తుంది. తర్వాతి పాత్రల రూపకల్పనకు సమాచారమవుతుంది.

ఒక పాత్ర బలం ఆటగాళ్లందరికీ ఒకటే. ఖర్చు ఎంతవుతుందో ప్రకటిత అవకాశాలను బట్టి ఎవరైనా లెక్కించవచ్చు. అవసరం మాత్రం ఆటగాడి ఖాతాలో ఇప్పటికే ఉన్న పాత్రలను బట్టి, మిగిలిన కరెన్సీని బట్టి మారుతుంది. ఎంత జాగ్రత్తగా తయారు చేసిన జాబితా అయినా ఈ మూడో అంశాన్ని నింపలేదు. దాన్ని ఆటగాడే తేల్చుకోవాలి.